తలుపుల్లేని కార్లు

వదిన తాడు లాగింది. లైను ఆగలేదు.

కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించే షాపులో ఒక్కో మనిషి నెత్తి మీద ఒక పసుప్పచ్చ తాడు వేలాడుతూ ఉంటుంది. ప్రమాదం జరిగితే దాన్ని లాగాలి, లాగితే లైనంతా నిలబడిపోవాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆమె ఆ తాడునే నమ్ముకుంది. ఇప్పుడు కారుకు అవతలి పక్కన సొంత మరిది వేళ్ళు తలుపు కీలులో ఇరుక్కుపోయాయి. కారు తన దారిన తాను పోతోంది. దాంతోపాటే వాడూ, అరవడానికి ఊపిరి చాలక, అడుగులు వేస్తున్నాడు. ఆమె మళ్ళీ లాగింది. మూడోసారి తాడు పట్టుకుని వేలాడింది. పైన ఎర్రలైటు వెలిగింది, అంతే.

ఇద్దరు ఇనుప కడ్డీ పెట్టి తలుపు పెకిలించేసరికి కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చి ముందు తలుపుకు సొట్ట పడిందేమో చూశాడు. చేతి గడియారం మీంచి చూపు తిప్పడు కాబట్టి ఆ మహానుభావుణ్ణి అందరూ గడియారం అనే పిలుస్తారు. తలుపు బాగానే ఉందని తేలాక చావుకబురు చల్లగా చెప్పాడు. పోయిన నెల యంత్రాలు మార్చినప్పుడు తాళ్ళను లైను నుంచి విడదీశారట. ఇప్పుడవి లైటు వెలిగించడానికే. లైను ఆపే మీట పైన గాజుగదిలో, మేనేజరు బల్ల మీద ఉంది.

"మాకెందుకు చెప్పలేదు?" అంది వదిన.

"చెబితే మీరు భయపడతారని," అన్నాడు గడియారం.

మరిదిని ఏడేళ్ళ వయసు నుంచీ ఆమే పెంచింది. రోడ్డు దాటించడానికి పట్టుకుని నడిచిన చెయ్యి అది. పనిలో చేరిన మొదటిరోజు వాడు నలుగురిలో నోరుజారి వదినా అని పిలిచాడు. ఆనాటి నుంచి షాపు మొత్తానికి, ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళకు కూడా, ఆమె వదినే.

నాలుగోనాడు అందర్నీ ఆవరణలో నిలబెట్టి మేనేజరు శుభవార్త చెప్పాడు. కంపెనీ బ్యాటరీ కారు తయారు చేయబోతోంది. దానికోసం ఒక ప్లాంటులో కొత్త లైను వేస్తుంది, బోలెడంత పెట్టుబడి పెడుతుంది. ఆ ప్లాంటు ఇదైనా కావచ్చు, తలుపుల రేకులు అచ్చుగుద్ది పంపే అవతలి ప్లాంటైనా కావచ్చు. షరతు ఒక్కటే. కారుకు యాభై ఎనిమిది సెకన్లు పట్టే పని ఇకపై నలభై నాలుగులో అవ్వాలి. ఒప్పుకుంటున్నట్టు శనివారం లోపల ప్రతి ఒక్కరూ సంతకం పెట్టాలి. అవతలివాళ్ళు అప్పుడే పెట్టేశారు. మీరు నాన్చితే పెట్టుబడి అటు పోతుంది, ఇక్కడ ఖాళీ షెడ్డు మిగులుతుందన్నాడు. పెళ్ళికి పిలుస్తున్నట్టు నవ్వుతూ చెప్పాడు.

క్యాంటీన్లో ఆ రోజు ఎవరూ సరిగ్గా తినలేదు. వేగం పెంచితే ఇంకెన్ని వేళ్ళు పోతాయోనని కొందరు, షెడ్డు మూతపడితే చేతులున్నా లాభమేంటని కొందరు, గొంతులు చించుకున్నారు. లాయరనే పేరున్న ముసలి ఫిట్టరు దేనికైనా రెండు వైపులా వాదించగలడు. ఆయన కూడా చేతులెత్తేశాడు. "పెట్టినా చస్తాం, పెట్టకపోయినా చస్తాం. పెడితే జీతంతో చస్తాం, అంతే తేడా," అన్నాడు.

కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని మరిది మెల్లగా అన్నాడు. "నేను పెడతా వదినా. ఎనిమిది వేళ్ళవాడికి బయట పనెవడిస్తాడు? ఇది ఉంటేనే నేనుంటాను."

ఆమె వాడి కట్టు వంక చూసింది. ఎవడి వేళ్ళు పోయాయో వాడే ముందుగా సంతకానికి లేవడం కన్నా కంపెనీకి ఇంకేం కావాలి?

అవతలివాళ్ళు నిజంగా పెట్టారో లేదో అడగొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? మూడేళ్ళ కిందట వాళ్ళు పదకొండు రోజులు సమ్మె చేశారు. ఆ పదకొండు రోజులూ వీళ్ళు రెండు షిఫ్టులు చేసి వాళ్ళ పని కూడా లాగేశారు. మెచ్చి కంపెనీ తలా ఒక చొక్కా ఇచ్చింది. అప్పటి నుంచి రెండు ప్లాంట్ల మధ్య మాటల్లేవు, ఎవరి నంబరూ ఎవరి దగ్గరా లేదు. రేకులు తెచ్చే లారీ డ్రైవరు ఆవరణలో క్యాబిన్ దిగకూడదని రూలు.

కానీ తలుపు రేకుకు లోపలివైపు అనేది ఒకటుంటుంది. అక్కడివాళ్ళు మైనపు పెన్సిలుతో షిఫ్టు నంబరు రాసి పంపుతారు. ఇక్కడివాళ్ళు బుద్ధి పుడితే దాని పక్కనే బిడ్డ పుట్టినరోజో, మేనేజరుకో తిట్టో రాస్తారు. చివరి మనిషి వాటిని కప్పేస్తూ పైన అట్ట బిగించేస్తాడు. ఆ రాతలు మోసుకుంటూ కార్లు ఎక్కడెక్కడికో పోతాయి, కొన్నవాడికి కూడా తెలియదు. లారీలో రేకులు నిలబెట్టి తెచ్చే ఇనుప స్టాండులోంచి రేకు మొదట తీసేది వదినే. ఖాళీ స్టాండు అదే లారీలో వెనక్కి పోతుంది.

మంగళవారం ఆమె స్టాండు అడుగున రాసింది. మీరు సంతకం పెట్టారా? మూడేళ్ళ కింద తప్పు మాదే.

గురువారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఒక రేకు మీద, షిఫ్టు నంబరు కింద ఉంది. పెట్టలేదు. మీరు పెట్టేశారని మాకు చెప్పారు.

చదవడానికి ఆమెకున్నది యాభై ఎనిమిది సెకన్లు. తుడవకుండా రేకు ముందుకు తోసింది. అద్దం పెట్టేవాడు చదివాడు, వైర్లు లాగే పిల్ల చదివింది, ఒక్కొక్కరూ చదివి పక్కవాళ్ళకు తోశారు. చివర్న లాయరు రెండుసార్లు చదువుకుని దాని మీద అట్ట బిగించాడు. ఆ వెనకే ఇంకో రేకు వచ్చింది. మిమ్మల్ని ఎలా నమ్మాలి?

ఆమె స్టాండు మీద రాసి పంపింది. నమ్మకండి. శనివారం పొద్దున ఆరింటికి మేం పనిలోంచి చేతులు తీసేస్తాం.

శుక్రవారం వచ్చిన రేకులన్నీ శుభ్రంగా ఉన్నాయి. షిఫ్టు నంబరు కూడా లేదు. ఎవరైనా పట్టుకున్నారా, వాళ్ళే మనసు మార్చుకున్నారా, పాత కసి తీర్చుకుంటున్నారా, చెప్పే దిక్కులేదు. మనమూ మోసం చేశాం కాబట్టి వాళ్ళూ చేస్తారేమో అని ప్రతివాడికీ లోపల పీకుతూనే ఉంది.

శనివారం ఆరింటికి లైను కదిలింది. వదిన చేతులు రెండూ కట్టుకుని నిలబడింది. పక్కవాడు కట్టుకున్నాడు, ఆ పక్కవాడూ కట్టుకున్నాడు. మొదటి కారు తలుపుల్లేకుండా ముందుకు పోయింది. రెండోదీ పోయింది. గడియారం లైను వెంట అటూ ఇటూ పరిగెత్తాడు. పద్నాలుగో కారు దగ్గర గాజుగదిలో మేనేజరే తన చేత్తో మీట నొక్కాడు. వేళ్ళు పోయినా ఆగని లైను అప్పుడాగింది.

తర్వాత గేట్లు వేసేశారు. ఫ్యాన్లు ఆపేశారు. బయట పోలీసు వ్యాను వచ్చి నిలబడింది. మేనేజరు బల్ల వేయించి, కాగితాలు పరిపించి, అవతలి ప్లాంటు జోరుగా నడుస్తోందని, పది దాటితే సంతకం పెట్టినవాళ్ళకే ఉద్యోగమని చెప్పాడు. పొద్దున గేటు దగ్గర తీసుకున్న అందరి ఫోన్లూ అతని దగ్గరే, తాళాలూ అతని దగ్గరే. రేకు కప్పు కింద చెమటలు కక్కుతూ రెండొందల మంది కూర్చున్నారు. ఎనిమిదింటికి నలుగురు తలవంచుకుని లేచారు. తొమ్మిదింటికి పదకొండు మంది అయ్యారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

తొమ్మిదిన్నరకు మరిది లేచాడు.

"పెట్టాలనుకుంటే పెట్టు," అంది వదిన. "నీ మీద నాకు కోపం రాదు. పోయేముందు నీ తాడు ఒక్కసారి లాగి పో."

వాడు చాలాసేపు తాడు వంక చూశాడు. ఎడమచేత్తో లాగాడు. పైన ఎర్రలైటు వెలిగింది. అది ఆరిపోయేదాకా చూసి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె వాడి భుజం మీద చెయ్యి వేసింది.

పదింటికి లారీ హారన్ వినిపించింది. రోజూ వచ్చే బండే కదా అని కావలివాడు అలవాటు కొద్దీ గేటు తీశాడు. స్టాండ్లు దించడానికి వెళ్ళినవాళ్ళు అలాగే నిలబడిపోయారు. అన్నీ ఖాళీ. ఆఖరి స్టాండులో మాత్రం ఒకే ఒక్క రేకు ఉంది. దాన్ని ఇద్దరు మోసుకొచ్చి నేల మీద వెల్లకిలా పెట్టారు. ఈ అంచు నుంచి ఆ అంచుదాకా మైనపు పెన్సిలుతో పేర్లు, వేలు పెట్టే సందు లేదు. కింద రాసి ఉంది. నిన్న తనిఖీ పెట్టారు, రాయలేకపోయాం. ఈ ఒక్కటీ ఎక్కించి యంత్రాలు ఆపేస్తున్నాం. మా తాళ్ళు కూడా విడదీశారు.

లాయరు పైకి చదువుతూ చదువుతూ ఏడ్చేశాడు. సంతకాలు పెట్టినవాళ్ళలో ఒకడు బల్ల దగ్గరికి పోయి, మేనేజరు చూస్తుండగానే తన కాగితం వెతుక్కుని నాలుగు ముక్కలు చేశాడు. వదిన రేకు తిరగేసి పెన్సిలు మరిదికిచ్చింది. వాడు ఎడమచేత్తో, బడికి కొత్తగా వెళ్ళిన పిల్లాడిలా, వంకర టింకరగా తన పేరు రాశాడు. వాడి వెనక వరస కట్టారు.

పోలీసులు లోపలికొచ్చి ఎవరు మొదలెట్టారని అడిగారు. అందరూ ముందుకొచ్చారు. గడియారం మాత్రం వదిన వైపు వేలు చూపించాడు. ఆమెను వ్యాను ఎక్కించి పోలీసు తలుపు వేశాడు. ఆ చప్పుడు విని ఆమె తల అడ్డంగా ఊపింది.

"అది పడలేదు బాబూ. దారిలో ఊడుతుంది, ఇంకోసారి గట్టిగా వెయ్యి."

వాడు తలుపు తీసి మళ్ళీ వేశాడు. వ్యాను కదిలాక ఆమె వెనక జాలీలోంచి చూసింది. లారీ వెనక్కి బయలుదేరింది. ఆఖరి స్టాండులో రెండు వైపులా పేర్లున్న ఆ రేకు తిరిగి అవతలి ప్లాంటుకు పోతోంది.