బొటనవేలి రంగు

నల్లబడినంత మాత్రాన చచ్చిపోయిందని ఎందుకు అనుకోవాలి, దెబ్బ తగిలిన చోట కమిలి నల్లబడదా, నాలుగు రోజులు పోతే అదే మానిపోదా, అని తనకు తానే నచ్చజెప్పుకుంటూ ఓబుళేశు కుడిచేతి బొటనవేలి మీది గుడ్డ పక్కకు జరిపి, ఎడమచేత్తో గోరు నొక్కాడు, నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి, అట్లా ఎర్రబడినంత కాలం వేలు బతికున్నట్టే అన్నాడు కర్నూలు డాక్టరు, తెల్లబడలేదు, ఎర్రబడలేదు, నొక్కిన సంగతే వేలికి తెలియలేదు, బోరులోంచి మోటరు పైకి లాగుతుంటే గొలుసు జారి, పైపు కింద నలిగి తెగిపడిన వేలు ఇది, పక్క చేను కంబన్న దీన్ని తుండుగుడ్డలో చుట్టి, ఐసు సంచిలో పెట్టి, కోడుమూరు నుంచి ఆసుపత్రి దాకా పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకొచ్చాడు, ఏడు గంటలు నిలబడి కుట్టారు అక్కడి డాక్టర్లు, అంత చేసి తిరిగి అడిగింది మాత్రం ఎంత, చేయి ఎత్తులో పెట్టుకో, చలి తగలనీయకు, గోరు చూసుకుంటూ ఉండు, బీడీ ముట్టొద్దు, ఒక్కటి కూడా, పొగకు రక్తనాళం ముడుచుకుపోతుంది, రంగు మారితే ఆ గంటలోనే బయలుదేరి రా, మళ్ళీ తెరిచి కాపాడొచ్చు.

మామా, ఎర్రగా ఉండాదా, వంటింట్లోంచి శిల్ప, అక్క కూతురే పెళ్ళాం, కోడిని కోస్తుంటే వీధిలోకి పరుగెత్తే మనిషి, నెత్తురు చూడలేదు, కుట్లు చూడలేదు, అందుకే చూసే పని ఓబుళేశుది, నమ్మే పని ఆమెది, ఆఁ ఎర్రగానే ఉండాదిలే, ఎంత సులువుగా వచ్చేస్తుంది నోటికి, ఇప్పుడు సంగటి ముద్ద చెనిక్కాయ ఊరుబిండిలో అద్ది నోట్లో పెడుతుంది, ఎడమచేత్తో తింటానంటే ఛీ అంటుంది, ఆరు రోజుల కిందట చూడటానికి వచ్చినవాళ్ళు బత్తాయిలు పక్కన పెట్టి ఆ వేడుకంతా చూశారు, ఏమప్పా ఉయ్యాల కట్టమంటావా అని నవ్వాడు చిన్నాయన, నలభై ఏళ్ళ మగవాడికి ఒళ్ళంతా మండిపోయింది, ఆ సాయంత్రమే కదా కంబన్న గొడ్ల కొట్టం వెనక బీడీ ముట్టించి తీసుకొచ్చి పెదాల మధ్య పెట్టింది, ఒగదానికి ఏమైతాదిలేప్పా, శానా కుమిలిపోతాండావు, హాయిగా ఉండింది, తల్లీ, ఎంత హాయిగా ఉండింది, మరునాడు ఇంకొకటి, కంబన్నదే ఈ పాపమంతా, మోసుకొచ్చిన చేత్తోనే చంపాడు, కాదు తుప్పుపట్టిన గొలుసుది, కాదు నీళ్ళు లేని ఆ బోరుది, పళ్ళికిలించిన చిన్నాయనది.

రెండో బీడీ తాగిన రాత్రి ఏందో వాసన అని మాత్రమే అంది శిల్ప, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను తాగలేదే అన్నాడు, అనడమేనా, ఎడమచేయి ఆమె నెత్తిన పెట్టి నీమీద ఒట్టు అన్నాడు, ఆమె ఏడ్చింది, నమ్మలేక కాదు, అడిగినందుకు సిగ్గుపడి ఏడ్చింది, తెల్లవారి గుడ్డ తీస్తే గోరు ఊదారంగు, నాలుగు రోజుల కిందటి మాట, ఫోను దిండు పక్కనే ఉంది, కర్నూలుకు గంట దారి, పోతే డాక్టరు మొదట అడిగేది బీడీ తాగినావా అనే, పక్కన శిల్ప నిలబడి ఉంటుంది, సాయంత్రం దాకా చూద్దాం అనుకున్నాడు, సాయంత్రం రేపటి దాకా అనుకున్నాడు, గుడ్డ మళ్ళీ కప్పాడు.

శిల్ప పళ్ళెం తీసుకొచ్చి గడపలోనే ఆగింది, ముక్కు చిట్లించింది, ఎలుక సచ్చినట్టుండాది మామా యాడో, పళ్ళెం కింద పెట్టి, మోకాళ్ళ మీద వంగి మంచం కింద వెతకసాగింది, డబ్బా జరుపుతోంది, చెప్పులు జరుపుతోంది, ఈడా లేదే, మరి యాడుండాది, ఆ వంగిన వీపును చూస్తూ ఓబుళేశుకు కంబన్న మీద కోపం కూడా మిగలకుండా పోయింది, బీడీ చేసింది వేలిని ఊదారంగు చేయడం వరకే, ఊదా నుంచి వెనక్కి దారి ఉందని డాక్టరు చెప్పనే చెప్పాడు, ఆ నాలుగు రోజులూ దగ్గర కంబన్న లేడు, గొలుసు లేదు, తనొక్కడే ఉన్నాడు, పెళ్ళాం ముందు అబద్ధాలకోరుగా నిలబడడం కంటే వేలు పోవడమే నయమని తనే అనుకున్నాడు, గోరు నొక్కిన ప్రతిసారీ అనుకున్నాడు.