పదకొండు వాక్యాలు

స్కూళ్ళ ఫుట్‌బాల్ టోర్నమెంటు క్వార్టర్ ఫైనల్ హాఫ్‌టైమ్‌లో కోచ్ మేడమ్ వేరే జట్టు గురించి మాట్లాడేసింది. "వాళ్ళ ఏడో నంబరుది ఎడమ కాలు, జాగ్రత్త" అని ఆమె ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతుంటే ఆడపిల్లలందరూ బిక్కమొహాలు వేసుకుని విన్నారు. చివరికి జట్టంతా పెద్దక్క అని పిలుచుకునే కెప్టెన్ మెల్లగా చెయ్యెత్తింది.

"మేడమ్, ఇవాళ వాళ్ళకి ఏడో నంబరే లేదు."

నిజమే. కోచ్ చెబుతున్నది పోయిన వారం ఓడించిన జట్టు సంగతి. తప్పు కాయితం పట్టుకొచ్చింది. అదృష్టం బాగుండి ఆఖరి నిమిషంలో బంతి అవతలి జట్టు పిల్ల మోకాలికి తగిలి గోల్లోకి దొర్లింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ స్కూలు అమ్మాయిల జట్టు మొట్టమొదటిసారి సెమీఫైనల్‌కి వెళ్ళే మాటే ఉండేది కాదు.

ఆ స్కూల్లో ఆటల టీచరే ఈ కోచ్. పెళ్ళికి ముందు, పిల్లలకు ముందు, ఆటల వీడియోలు చూడటంలో ఆమెకు సాటి లేదని పేరు. ఎదుటి జట్టు ఒక్కో ఆటను మూడేసి సార్లు కళ్ళు కాయలు కాచేలా చూసి నోటుపుస్తకాలు నింపేది. ఇప్పుడు ఇంట్లో నాలుగేళ్ళ పెద్దది ఉంది, తొమ్మిది నెలల బుడ్డోడు ఉన్నాడు. వాడికి పళ్ళొస్తున్నాయి. అయినా ఆమె పాత పద్ధతి వదల్లేదు. నిద్ర మానుకుని మరీ చూసింది. దాని ఫలితమే లేని ఏడో నంబరు.

సోమవారం లెక్కల మాస్టారు స్టాఫ్‌రూమ్‌లో ఆమె చేతికి ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. రిటైర్మెంటుకు రెండేళ్ళున్న ఆ మనిషికి బంతి తన్నడం రాదు గానీ కెమెరా అంటే ప్రాణం. టోర్నమెంటులో ప్రతి ఆటనూ గ్యాలరీ పైమెట్టు మీద నిలబడి తీస్తాడు.

"సెమీఫైనల్లో మనకి తగిలేవాళ్ళవి నాలుగు ఆటలమ్మా. ఒక్కోటి డెబ్భై నిమిషాలు. రెండేళ్ళుగా ఒక్క ఆట కూడా ఓడిపోలేదట వాళ్ళు."

"శనివారమే ఆట మాస్టారూ."

"అందుకే ఇవాళే ఇచ్చాను" అన్నాడాయన నింపాదిగా.

ఆ సాయంత్రం ఆమె బుడ్డోణ్ణి ఒళ్ళో పెట్టుకుని లాప్‌టాప్ తెరిచింది. వాడు కీబోర్డు మీద రెండు చేతులతో దరువు వేశాడు. వీడియో మొదటికి పోయింది. పెద్దది పక్కన చేరి, ఆ ఎర్ర చొక్కా అక్క ఎందుకు పడిపోయింది, వాళ్ళమ్మ రాలేదా, బంతి ఎవరిది, ఇంటికి ఎవరు తీసుకెళ్తారు అని ప్రశ్నల వాన కురిపించింది. రెండు గంటలు గడిచేసరికి చూసింది పన్నెండు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు ఒకటికి రెండుసార్లు చూసినవే.

డ్యూటీ దిగి వచ్చిన భర్త గుమ్మంలోనే ఆమె ముఖం చూసి సంగతి కనిపెట్టాడు. సిటీ బస్సు డ్రైవరు అతను. బుడ్డోణ్ణి భుజానికెత్తుకుని అడిగాడు. "మొత్తం చూడాలా?"

"చూడకపోతే ఎలా తెలుస్తుంది?"

"నేను రోజుకి ఎనిమిది ట్రిప్పులు కొడతాను. రోడ్డంతా ఒకేలా చూస్తానా? మలుపులు, స్టాపులు, సిగ్నళ్ళు. అక్కడ కళ్ళు నాలుగు చేసుకుంటాను. మిగతా రోడ్డు దానంతట అదే పోతుంది."

"బస్సూ ఫుట్‌బాలూ ఒకటేనా?" అని విసుక్కుని ఆమె పాలసీసాలు కడగడానికి లేచింది. రెండో సీసా నురగలో ఉండగానే చెయ్యి ఆగిపోయింది. ఆటలో కూడా మలుపులున్నాయి. బంతి ఒక జట్టు నుంచి రెండో జట్టుకు పోయే క్షణం. ఆ తర్వాతి పది సెకన్లు. అప్పుడే ఎవరి స్థానంలో వాళ్ళుండరు, అప్పుడే డిఫెన్సు గోడకు కన్నాలు పడతాయి. ఇన్నేళ్ళూ తను డెబ్భై నిమిషాలు చూసి రాసుకున్న వాటిలో పనికొచ్చినవన్నీ ఆ పదేసి సెకన్లలోనే దొరికాయని ఆమెకు ఒక్కసారిగా తట్టింది.

"ఏమండీ!" అని నురగ చేతులతోనే హాల్లోకి పరిగెత్తింది. "బస్సూ ఫుట్‌బాలూ ఒకటే!"

ఆటల టీచరుగా ఆమె క్లాసులు మధ్యాహ్నానికే అయిపోతాయి. ప్రాక్టీసు నాలుగింటికి. బుడ్డోడు రెండింటికి పడుకుంటే నలభై నిమిషాలు, వాడి దయ ఉంటే యాభై. మంగళవారం వాడు నిద్రలోకి జారుకున్నాడో లేదో ఆమె వంటింట్లో నేల మీద కూర్చుని స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుంది. శబ్దం తీసేసింది. సెమీఫైనల్లో తగిలే ఎర్ర చొక్కాల వాళ్ళు బంతి పోగొట్టుకున్న ప్రతిచోటా ఆగి పది సెకన్లు చూడటం, ముందుకు దూకడం. మళ్ళీ పది సెకన్లు, మళ్ళీ దూకుడు. వాడు లేచి కేక పెట్టేసరికి ఆట మొత్తం అయిపోయింది! ఆమె చేతిలో ఉన్నది ఒకే ఒక కాయితం, దాని మీద ఖాళీలు పడ్డ చోట్లకి ఆరు గీతలు. ఎత్తుకున్నప్పుడు బుడ్డోడికి ఎన్ని ముద్దులు పెట్టిందంటే వాడు ఏడుపు ఆపి ఆశ్చర్యంగా చూశాడు.

కానీ ఒకటి మిగిలింది. ఎదుటి జట్టు ఎలా కదులుతుందో తెలిసింది గానీ, ఒక్కో పిల్ల ఏం చేస్తుందో తెలియదు. ఇంకా మూడు ఆటలున్నాయి. తన కళ్ళు రెండే.

"మరి మిగతా కళ్ళు ఏం చేస్తున్నాయి?" అని తనను తానే అడిగి, లెక్కల మాస్టారుకు ఫోన్ చేసింది. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. బుధవారం సాయంత్రానికి ఎదుటి జట్టులో ఒక్కో పిల్లకూ ఆరేసి నిమిషాల ముక్కలు కత్తిరించి పదకొండు చిన్న వీడియోలు తయారుచేశాడు. ప్రాక్టీసు అయ్యాక కోచ్ వాటిని పిల్లలకు పంచింది. ఎవరికి ఎవరు ఎదురవుతారో వాళ్ళదే.

"ఆరు నిమిషాలు చూడండి. రేపు నాకు ఒక్క వాక్యం తెచ్చివ్వండి. రెండు తెస్తే ఒకటి వెనక్కిచ్చేస్తాను."

"మేడమ్, హోంవర్కా?" అని మూలిగింది కుడి వింగ్‌లో ఆడే పిల్ల. ఆ పరుగు చూసి అందరూ పిడుగు అని పిలుస్తారు.

"కాదే, గూఢచారి పని."

ఆ మాటతో పిల్లల ముఖాలు వెలిగిపోయాయి.

గురువారం ఆటసామాన్ల గదిలో చేరారు. గాలి పోయిన బంతుల మీద కొందరు, చాపల చుట్టల మీద కొందరు. తాళం వేసి ఉన్న అలమారకు ఆనుకుని గోల్‌కీపర్ నిలబడింది. మనిషి ఎత్తూ లావూ చూసి ఆమెకు గోడ అని పేరు.

"పదో నంబరు ఎప్పుడూ కిందికే కొడుతుంది మేడమ్. పదిసార్లు కొడితే ఒక్కటి కూడా నడుము దాటలేదు."

"శభాష్! తర్వాత?"

"మూడో నంబరు..." అని పిడుగు లేచింది. ఎదుటి జట్టు ఎడమ డిఫెండరు ఆమె వంతు. "బంతి ఉంటే ముందుకి గుర్రంలా పోతుంది మేడమ్. బంతి పోతే వెనక్కి నడుచుకుంటూ వస్తుంది. షికారుకొచ్చినట్టు!"

గదిలో నవ్వులు. కోచ్ మాత్రం నవ్వలేదు. తన కాయితం మీద గీసిన ఆరు గీతల్లో నాలుగు ఆ ఎడమ పక్కనే ఉన్నాయి. ఖాళీ ఎక్కడుందో ఆమెకు తెలుసు, ఎందుకుందో పిడుగు చెప్పింది.

మధ్యలో ఆడే బక్కపలచని సూదిపిల్ల వంతు వచ్చేసరికి తల దించుకుంది. "మేడమ్, నేను ఒక వాక్యానికి ఆగలేకపోయాను. నాలుగు తెచ్చాను."

"ఒకటి చెప్పు, మూడు దాచుకో. ఆటలో వాడుకో."

శుక్రవారం ప్రాక్టీసంతా ఒకటే పని. బంతి అందగానే కుడివైపు, మూడో నంబరు వెనక ఉండే ఖాళీలోకి. పిడుగు ఎన్నిసార్లు పరిగెత్తిందో లెక్కే లేదు.

శనివారం గ్యాలరీ సగం పైగా నిండింది. భర్త సెలవు పెట్టుకుని పిల్లలిద్దరితో తాడుకు అవతల నిలబడ్డాడు. పెద్దది ఆట మొదలవకముందే గొంతు చించుకుంటోంది. రిఫరీ ఈల వేశాడు.

మూడు నిమిషాలు తిరిగేసరికి కోచ్‌కి సంగతి తెలిసిపోయింది. ఎడమ డిఫెన్సులో మూడో నంబరు లేదు! ఆ చోట ఎవరో కొత్త పిల్ల, పిడుగుకు దీటుగా పరిగెత్తుతోంది. వారం రోజుల కష్టం నీళ్ళపాలు. పిడుగు నాలుగుసార్లు దూసుకుపోయింది, నాలుగుసార్లూ బంతి పోగొట్టుకుంది. ఇరవయ్యో నిమిషంలో పదో నంబరు కొట్టిన బంతిని గోడ కిందికి పడి ఆపింది గానీ, తిరిగొచ్చిన బంతిని ఇంకొకరు లోపలికి నెట్టేశారు. ఒకటి సున్నా.

హాఫ్‌టైమ్‌కి పిల్లలు వచ్చి చుట్టూ కూర్చున్నారు. కోచ్ నోరు తెరిచింది. మడిచిన కాయితం వైపు చెయ్యి పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఈలోపు సూదిపిల్ల నీళ్ళసీసా కింద పెట్టేసి గబగబా అందుకుంది.

"మేడమ్, మూడో నంబరు పోలేదు. మధ్యలోకి వచ్చింది, నా ఎదురుగానే ఉంది. చొక్కా మార్చారు, ఇవాళ పదహారు వేసుకుంది. పిడుగు వీడియోలో చూసిన జడ మార్చుకోలేదు కదా!"

"నిజమేనా?"

"ఒట్టు మేడమ్. ఇక్కడా అంతే. బంతి పోతే షికారే!"

పిడుగు లేచి నిలబడింది. "అయితే ఖాళీ మధ్యలో ఉంది! నేను పక్కకి పోయి ఆ కొత్తదాన్ని నాతో లాక్కుపోతాను. మీరు మధ్యలోంచి దూరండి."

"నువ్వు లాగు, నేను దూరతాను" అంది పెద్దక్క.

ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు, గడ్డి మీద వేళ్ళతో గీతలు గీస్తున్నారు. కోచ్ వాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని వింది. తను వాళ్ళకు ఒక జట్టును చూపించాననుకుంది. వాళ్ళు చూడటమే నేర్చేసుకున్నారు!

"నేను చెప్పేదేం లేదు" అని ఆమె లేచింది. "మీరు చెప్పిందే చెయ్యండి. పదండి!"

రెండో సగం పదో నిమిషంలో సూదిపిల్ల బంతి లాక్కుంది. పదహారో నంబరు నడుము మీద చెయ్యి వేసుకుని నడక మొదలుపెట్టింది. పిడుగు కుడివైపుకు దౌడు తీస్తే ఎడమ డిఫెండరు ఆమె వెంట పడింది. మధ్యలో మైదానం పెరటి తలుపులా తెరుచుకుంది. సూదిపిల్ల ఒక్క పాస్, పెద్దక్క ఒక్క దెబ్బ. ఒకటి ఒకటి! గ్యాలరీ పైమెట్టు మీద లెక్కల మాస్టారు కెమెరా సంగతి మరిచి చేతులు రెండూ పైకెత్తాడు. ఆ గోల్ వీడియోలో సగం ఆకాశమే ఉంది.

ఇంకో నాలుగు నిమిషాలున్నాయనగా భర్త తాడు పక్కకు పరిగెత్తుకొచ్చాడు.

"పెద్దదానికి అర్జెంటట. వీణ్ణి పట్టుకో!"

"ఇప్పుడా?"

"అది దానికి చెప్పు!"

నిద్రపోతున్న బుడ్డోడు ఆమె భుజం మీదకు మారాడు. మెడ మీద వెచ్చని ఊపిరి తగులుతోంది. ఎదురుగా ఎర్ర చొక్కాలు తోసుకొస్తున్నాయి. పదో నంబరు కొట్టింది. కిందికే! గోడ అప్పటికే నేల మీద ఉంది. ఈసారి బంతిని వదల్లేదు, పొట్టకు అదుముకుంది. లేచి పిడుగు కాళ్ళ దగ్గరికి విసిరింది. పిడుగు పరిగెత్తింది, కొత్త పిల్ల వెంటబడింది, పిడుగు చటుక్కున ఆగి మధ్యలోకి తన్నింది. అక్కడ సూదిపిల్ల! ఈ టోర్నమెంటులో ఒక్క గోల్ కూడా కొట్టని సూదిపిల్ల కళ్ళు మూసుకుని కొట్టింది. బంతి స్తంభానికి తగిలి లోపలికి పోయింది.

కోచ్ అరవబోయింది. భుజం మీద పిల్లాడు. నోరు బార్లా తెరుచుకుంది గానీ శబ్దం రాలేదు. ఉన్నచోటే మోకాళ్ళు వంచి, మునివేళ్ళ మీద లేచి, పిడికిలి గాల్లో ఊపుతూ, మూగసైగలు చేసే మనిషిలా గుండ్రంగా తిరిగింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఆఖరి ఈల మోగాక జట్టంతా ఆమె మీద వచ్చి పడింది. బుడ్డోడు లేచి కెవ్వుమన్నాడు. అప్పుడిక అడ్డేముంది, ఆమె కూడా వాడితో పోటీపడి అరిచింది.

కాస్త సద్దుమణిగాక ఎదుటి జట్టు కోచ్ వచ్చి చెయ్యి కలిపాడు. ముప్పై దాటని మనిషి. కళ్ళ కింద నల్లటి చారలు.

"మూడో నంబరుని మార్చింది మీ కోసమే. చొక్కా కూడా మార్చాను. ఎలా పట్టుకున్నారు?"

"నేను పట్టుకోలేదండీ, మా పిల్లలు పట్టుకున్నారు."

అతను ఆమె భుజం మీద వెక్కుతున్న బుడ్డోణ్ణి చూసి గొంతు తగ్గించాడు. "మా పాపకి రెండు నెలలు. మీ ఆటలు చూడటానికి పద్దెనిమిది గంటలు కూర్చున్నాను. దాన్ని ఎత్తుకుని, ఒంటిచేత్తో. మీరేం చేస్తారో చెబుతారా? వచ్చే ఏడాది నన్ను మళ్ళీ కొడతారని తెలుసు, అయినా అడుగుతున్నాను."

ఆమెకు నవ్వొచ్చింది. వెనక నుంచి పిల్లలు "మేడమ్, ఫోటో! మేడమ్!" అని గోల పెడుతున్నారు. కంగారులో అతనికి కాయితం దొరకలేదు. జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద రాసుకోవడానికి సిద్ధపడ్డాడు.

"ముందు మీ పాప ఎన్నింటికి పడుకుంటుందో చెప్పండి" అంది కోచ్.