నల్లా రాని రోజు

“ఎవ్వల చెడ్డీలో ఏందో, అన్నీ తెచ్చి మన దండెం మీదనే ఆరేస్తవు. చూసెటోళ్లు ఏమనుకుంటరే నవతా?”

అత్తగారు లక్ష్మీనర్సమ్మ ఈ మాట అనని ఆదివారం లేదు. నవత జవాబు చెప్పిన ఆదివారమూ లేదు. పద్దెనిమిది జెర్సీలు, పద్దెనిమిది షార్టులు ఆరేయాలంటే డాబా మీద ఉన్న రెండు దండేలు చాలవు. మూడోది పిట్టగోడకు మేకు కొట్టి తనే కట్టుకుంది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో చుట్టుపక్కల డాబాల వాళ్లందరికీ ఈ నీలం షార్టుల వరుస ఏనాడో అలవాటైపోయింది. అలవాటు కానిది ఇంట్లో వాళ్లకే.

అబిడ్స్‌లో ఆడపిల్లల డిగ్రీ కాలేజీకి నవత ఫిజికల్ డైరెక్టర్. కాంట్రాక్టు ఉద్యోగం. ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఉతకాలని ఆ కాంట్రాక్టులో ఎక్కడా రాసి లేదు. మొదటి ఏడాది ఎవరి బట్టలు వాళ్లకే ఇచ్చి పంపింది. నెల తిరిగేసరికి ముగ్గురు మానేశారు. ఇళ్లకు వెళ్లి ఆరా తీస్తే తేలిందేమిటంటే, పిల్లలు ఆడటానికి ఎవరికీ అభ్యంతరం లేదట, ఆ షార్టులు వాకిట్లో ఆరడానికే అభ్యంతరమట. బాబాయిలు చూస్తారు, ఇంటి ఓనరు చూస్తాడు. ఇంతేనా అనుకుని నవత అన్నీ మూటగట్టి తన డాబాకు తెచ్చుకుంది. ముగ్గురూ తిరిగొచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి ఆ ఏడు తొమ్మిది గోల్స్ కొట్టింది.

ఆమె భర్త రత్నాకర్‌దీ అదే వృత్తి. బషీర్‌బాగ్ వైపు మగపిల్లల కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్, పర్మనెంటు. వాళ్లకు సొంత గ్రౌండుంది, కొత్త నెట్లున్నాయి, బంతులు డజన్లకొద్దీ ఉన్నాయి. ఇంటర్ కాలేజీ పోటీల్లో ఆయన జట్టు పదేళ్లలో ఒక్కసారి ఫైనల్ చూసింది. అరువు గ్రౌండులో గంటన్నర ఆడే నవత జట్టు వరసగా అయిదేళ్లు ఫైనల్‌కు వెళ్లి నాలుగుసార్లు గెలిచింది. ఒకసారి గెలిస్తే అదృష్టమంటారు, రెండుసార్లు గెలిస్తే పిల్లలు మంచివాళ్లు దొరికారంటారు. నాలుగోసారి గెలిచాక మాత్రం, “రత్నాకర్ సార్ ఇంట్లనే ఉన్నడు గదా, ఇగ ఫికర్ ఏముంది” అన్నారు. ఈ మాట ఆయన ముందే అన్నారు. ఆయన కాదనలేదు, చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నవతకు చాలా రోజులు గుర్తుంది.

నిజానికి ఆమె రహస్యమేమిటో ఆమె ఎప్పుడూ దాచుకోలేదు. ఓ సన్మానసభలో మైకు ఇచ్చి అడిగితే, “నల్లా” అని చెప్పింది. అందరూ జోకనుకుని నవ్వారు. జోకు కాదు. ఈ ఊళ్లో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అదీ ఒక్కో బస్తీకి ఒక్కో టైముకు. వచ్చే గంటలో డ్రమ్ములు, బిందెలు, బకెట్లు నింపి పెట్టుకోకపోతే రెండు రోజులు ఇల్లు నడవదు. ఆ గంట నల్లా దగ్గర నిలబడేది ఎవరు? ఇంట్లో ఉన్న ఆడపిల్ల. అన్న పడుకునే ఉంటాడు, నాన్న పేపరు చదువుతుంటాడు, వాళ్లనెవరూ లేపరు. మొదటి ఏడాది పొద్దున్నే ప్రాక్టీసుకు పదహారు మందికి ఏడుగురు వచ్చేవారు. ఏడుగురూ రోజూ వాళ్లే కాకపోవడం నవతకు వింతగా తోచింది. ఇవాళ రానివాళ్లు రేపొస్తారు, రేపొచ్చినవాళ్లు ఎల్లుండి రారు. వారం రోజులు చూసి, అందరినీ కూర్చోబెట్టి, ఎవరి బస్తీకి నల్లా ఏ రోజు, ఎన్ని గంటలకు అని అడిగి రాసుకుంది. మంగళ్‌హాట్ వాళ్లు ఒక జట్టు, కాచిగూడ వాళ్లు ఒక జట్టు, మల్లేపల్లి వాళ్లకు సాయంత్రం. నల్లా రాని రోజే ప్రాక్టీసు. అందరూ కలిసి ఆడేది మాత్రం ఆదివారం, కాలేజీ బోరు నీళ్లు తలా రెండు డబ్బాలు ఆటోలో పంపే ఏర్పాటు చేసుకుని. ఆ కాగితం ఆమె వంటింటి తలుపు వెనక అతికించి ఉంటుంది. పిల్లల నెలసరి తేదీలు కూడా అందులోనే చిన్న చుక్కలుగా ఉంటాయి. తలుపు తీసినప్పుడల్లా కనిపించే ఆ కాగితాన్ని రత్నాకర్ అయిదేళ్లలో ఒక్కసారీ చదవలేదు, పాల లెక్కనుకున్నాడు.

ఈ ఏడు యూనివర్సిటీ మహిళల జట్టు సౌత్ జోన్ పోటీలకు కోయంబత్తూరు వెళ్లాలి. కాలేజీలన్నిటి నుంచి ఇరవై మందిని ఎంపిక చేస్తే అందులో పదకొండు మంది నవత పిల్లలే. కోచ్‌గా ఎవరిని పంపుతారో వేరే చెప్పాలా అనుకుంది. ఆ పదం తన పేరు పక్కన ఎలా ఉంటుందోనని ఒకసారి తెల్లకాగితం మీద రాసి చూసుకుంది కూడా. సిగ్గేసి చింపేసింది.

ఆర్డరు రత్నాకరే ఇంటికి తెచ్చాడు. కోచ్: రత్నాకర్. మేనేజర్: నవత.

“గోపాలరావు సారే అడిగిండు,” అన్నాడు బూట్లు విప్పుతూ. గోపాలరావు యూనివర్సిటీ క్రీడల కార్యదర్శి. “మేడమ్‌కు ఇల్లు, ముసలి అత్త, గింత బాధ్యత ఎట్ల మోస్తది, నువ్వు తీసుకో అన్నడు. ఆడపిల్లల జట్టు గదా, ఎవలో ఒక లేడీ ఆఫీసర్ ఉండాలె, నీ పేరు నేనే రాయించిన. మనం ఇద్దరం ఒకటే గదా.”

నవత చేతిలో చిక్కుడుకాయలున్నాయి. ఇల్లు విడిచి రావడం కుదరదని తనకు కోచ్ పని ఇవ్వలేదు. అదే ఇల్లు విడిచి అదే రైల్లో మేనేజరుగా మాత్రం రావచ్చు. లక్ష్మీనర్సమ్మ ఆ పది రోజులు కూతురి దగ్గరుంటుంది, అదీ ఈయనే మాట్లాడేశాడు. తను కోచ్ అయితే కూతురి దగ్గర ఉండలేని అత్తగారు తను మేనేజరైతే ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న నోటి దాకా వచ్చింది. అడిగితే నీకు కుళ్లు అంటాడు. మొగుడు పేరు ముందుంటే ఓర్వలేకపోతున్నదని వాళ్లమ్మకు చెబుతాడు. పెళ్లికి ముందు నవత ఇదే యూనివర్సిటీ జట్టులో సెంటర్ హాఫ్‌గా ఆడింది. ఇరవై రెండో ఏట మోకాలి పట్టీ పుట్టింట్లో వదిలేసి కాపురానికి వచ్చింది. అప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వస్తోందేమిటని ఆమెకే కోపం వచ్చింది. కాయలన్నీ వలిచాక లేచి పొయ్యి వెలిగించింది.

మర్నాడు ఆయన డైరీ తీసుకుని కూర్చున్నాడు. “నీ పద్ధతేందో జర చెప్పు, రాసుకుంట.”

చెప్పింది. నల్లా సంగతి చెప్పింది, షార్టుల సంగతి చెప్పింది. తల్లులతో ముందు మాట్లాడాలంది. తన జట్టులోని హైందవి మీద పదిమందిలో అరిస్తే ఆ రోజంతా చేతులు వణుకుతాయని, గోల్‌కీపర్‌కు చేతులు వణికితే ఏమవుతుందో నీకు తెలుసని చెప్పింది. ఆయన కాసేపు రాసి కలం ఆపాడు.

“గివన్ని ఇంటి ముచ్చట్లు నవతా. నేనడిగింది కోచింగ్ సంగతి.”

డైరీలో చివరికి మిగిలింది మూడే మాటలు. క్రమశిక్షణ, ప్లానింగ్, స్టామినా. నవత ఆ పేజీ తర్వాత చూసింది.

పన్నెండు రోజుల క్యాంపు మొదలైంది. రోజూ పొద్దున ఆరింటికి, ఇరవై మందీ. మొదటి రోజు అందరూ వచ్చారు. రెండో రోజు ఆరుగురు ఆలస్యంగా వచ్చారు, వాళ్లను గ్రౌండు చుట్టూ పదేసి రౌండ్లు కొట్టించాడు. మూడో రోజు ఎనిమిది మంది రాలేదు. నవత గట్టు మీద ఉడికిన గుడ్లు, అరటిపండ్లు పంచుతూ ఉంది. మేనేజరు పని అదే. ఉండబట్టలేక ఆయన దగ్గరకు వెళ్లి నెమ్మదిగా అంది.

“ఇయ్యాల కాచిగూడ దిక్కు నల్లా వచ్చే రోజు. గా పిల్లలకు సాయంత్రం టైం ఇద్దాం. నేనుంట.”

ఆయన విజిల్ నోట్లోంచి తీసి, అందరికీ వినపడేలా, “మేనేజర్ మేడమ్, మీరు జర అరటిపండ్ల సంగతి చూడున్రి,” అన్నాడు. వేరే కాలేజీ పిల్లలు ఇద్దరు కిసుక్కుమన్నారు. తన పిల్లలు నవ్వలేదు, తలలు దించుకున్నారు. ఆ నవ్వు కంటే ఈ తలలు దించడమే నవతను ఎక్కువ కోసింది.

అయిదో రోజు రత్నాకర్ నలుగురి పేర్లు కొట్టేశాడు. అందులో హైందవి ఒకతె. జట్టులో ఉన్న ఒకే ఒక్క మంచి గోల్‌కీపర్.

సాయంత్రం నవత కాచిగూడ వెళ్లింది. రెండు గదుల ఇల్లు, మంచంలో హైందవి నానమ్మ. తల్లి ఓ హాస్టల్లో వంట చేస్తుంది, తెల్లవారుజామున అయిదింటికే వెళ్లిపోతుంది. హైందవి కుర్చీ తెచ్చి వేసి, తను గడప మీద కూర్చుంది.

“సార్‌ని నేనేమీ అనట్లేదు మేడమ్. నీళ్లు పట్టకుండా వస్తే ఇంట్లో నానమ్మకి స్నానం ఉండదు, వంట ఉండదు. పట్టి వస్తే నాకు డిసిప్లిన్ లేదంటారు. రెండిట్లో ఏది మానమంటారో మీరే చెప్పండి.”

ఈ పిల్ల సౌత్ జోన్ ఆడితే స్పోర్ట్స్ కోటాలో పీజీ సీటు ఖాయం. ఆడకపోతే తల్లి పనిచేసే హాస్టల్లోనే ఇంకో చెయ్యి అవుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మంచంలో ఉన్నావిడకూ తెలిసినట్టుంది, మాటలు వినపడనట్టు అటు తిరిగి పడుకుంది.

ఇంటికి వచ్చేసరికి రత్నాకర్ సోఫాలో కూర్చుని ఉన్నాడు. ముఖంలో గాభరా. “ఇయ్యాల ఇంకో ముగ్గురు మానేసిన్రు. రేప్పొద్దుగాల గోపాలరావు సార్ చూడనీకె వస్తుండు. నువ్వు ఫోన్ చేసి పిలువు నవతా. నువ్వంటే వస్తరు. ఇంటి ఇజ్జత్ నవతా.”

“పేర్లు కొట్టేసినోళ్లను గూడనా?”

“అందర్నీ. టైం గియిం నువ్వే చూసుకో. గా నల్లాలో గిల్లాలో ఏదో ఉన్నది గదా నీ దగ్గర. నేను మధ్యలకు రాను.”

ఆమె లోపలికి వెళ్లి బియ్యం కడిగింది. పిలిస్తే వస్తారు, అందులో అనుమానం లేదు. ఒక్కొక్క తల్లితో మాట్లాడుతుంది, టైములు మారుస్తుంది, ఎవరు ఎక్కడ ఆడాలో రాత్రి అన్నం వడ్డిస్తూ ఆయన చెవిన వేస్తుంది, ఆయన పొద్దున విజిల్ ఊదుతాడు. జట్టు గెలుస్తుంది. పేపర్లో ఆయన ఫోటో వస్తుంది, పక్కన ఈమె చీర కొంగు కూడా పడొచ్చు. పిలవకపోతే ఆయనకు బుద్ధి వస్తుంది, కానీ హైందవి బతుకు పోతుంది. ఆయనకు బుద్ధి చెప్పడానికి ఆ పిల్లను ఖర్చు పెట్టడమా? ఛీ అనుకుంది. ఇన్నేళ్లూ ఇంతే జరిగింది. పిల్లల కోసమని, అత్త కోసమని, ఇంటి పరువు కోసమని ఎప్పుడూ ఎవరో ఒకరిని అడ్డం పెట్టే ఆమె చేత పని చేయించుకున్నారు, ఆమె కూడా చేసింది. పిల్లల కోసం చేస్తే తప్పు లేదు. పేరు వదులుకునే చేయాలని మాత్రం ఎక్కడుంది? కడిగిన బియ్యం మళ్లీ కడుగుతున్నానని అప్పుడు చూసుకుంది. ఆ రాత్రి ఆమె ఎవరికీ ఫోన్ చేయలేదు.

పొద్దున గోపాలరావు వచ్చేసరికి గ్రౌండులో తొమ్మిది మందే ఉన్నారు. గోల్ దగ్గర ఎవరూ లేరు. పెద్దమనిషి కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. రత్నాకర్ క్రమశిక్షణ గురించి ఏదో మొదలుపెడితే చెయ్యెత్తి ఆపి, నేరుగా నవత దగ్గరకు వచ్చాడు.

“ఏంటమ్మా ఇది? మీరు పిలిస్తే వస్తారని పిల్లలు చెబుతున్నారు. ఒక్క ఫోన్ చేయచ్చు కదా నవతగారూ.”

“చేస్త సార్. రేపటికి ఇరవై మంది ఉంటరు. కొట్టేసిన నాలుగు పేర్లు మళ్ల ఎక్కియ్యాలె. ప్రాక్టీసు టైములు నేను చెప్పినట్టుండాలె. ఎవల్ని ఆడియ్యాల్నో నేను చెప్త.”

“తప్పకుండా అమ్మా, ఆయన మీ సలహా తీసుకుంటారు...”

“సలహా కాదు సార్. ఆర్డర్ మార్చుండ్రి. కోచ్ అని నా పేరు రాయుండ్రి. ఆడ ఆఫీసర్ ఉండాలన్నరు, నేనున్న. మేనేజర్‌గ మా సార్ వస్తరు. టికెట్లు, బస, పిల్లల తిండి ఆయన చూసుకుంటరు.”

రత్నాకర్ ముఖం ఎర్రబడింది. గోపాలరావు ఇబ్బందిగా ఒకసారి ఆమె వైపు, ఒకసారి ఆయన వైపు చూశాడు.

“అది కాదమ్మా... రత్నాకర్ గారు ఒప్పుకోవాలి కదా. ఆయన్ని ఒక మాట అడిగి...”

“ఎందుకు సార్?” అంది నవత. “నన్ను మేనేజర్ చేసేటప్పుడు ఎవలన్న అడిగిన్రా?”