మిస్ చాందినీ గారి కీర్తిశేషులైన తల్లిగారు

ఏలూరు స్టేషన్లో మెయిలు ఆగేసరికి ప్లాట్‌ఫారం మీద ఇసక వేస్తే రాలనంత జనం. బొంబాయి నుంచి హిందీ టాకీ తార మిస్ చాందినీ గారు వేంచేస్తున్నారు మరి. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు, ఏలూరులో కొత్తగా కట్టిన టాకీ హాలు ఉన్న హనుమంతరావు గారు పూలదండ పట్టుకుని అందరికంటే ముందు నుంచున్నారు. ఆహ్వాన సంఘానికి అధ్యక్షుడు ఆయనే, కోశాధికారి ఆయనే, కార్యదర్శిగా ఎవరినీ నమ్మక అదీ ఆయనే.

వారం రోజులుగా ఊళ్ళో జట్కాబండి డప్పు వాయించుకుంటూ తిరుగుతోంది. ఎర్రకాగితాల మీద అచ్చేసిన కరపత్రాలు ప్రతి వీధిలోనూ ఎగిరాయి. చదువు రానివాళ్ళ కోసం జట్కావాడు గొంతు చించుకుని మరీ చెప్పాడు. చాందినీ గారు లక్నో నవాబు వంశంలో పుట్టారుట. పసితనంలోనే తల్లి బేగం గారు స్వర్గస్థులయ్యారుట. ఆ దుఃఖం మరవడానికి కళామతల్లి ఒడిలో చేరారుట. పెళ్ళి మాట తలపెట్టకుండా కళకే అంకితమయ్యారుట. ఇన్ని మాటల్లో నిజం ఒక్కటే, ఆవిడ ఏలూరు వస్తున్న మాట.

అసలు సంగతి చెబితే మీరు నవ్విపోతారు. చాందినీ గారి పేరు జహీరా. పుట్టింది ఈ ఏలూరులోనే, తంగెళ్ళమూడిలో, తివాచీలు నేసే జైనబ్ ఇంట్లో. ఆ ఇంట్లో సగం తెలుగు, సగం తురకం. పెళ్ళయ్యేవరకూ పిల్ల బురఖా లేకుండా గడప దాటలేదు కాబట్టి ఊరిని ఆమె చూసింది గాని ఊరు ఆమెను చూడలేదు. ఇప్పుడు అదే ఊరు ఆమె ముఖం కోసం ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటోంది.

జైనబ్ కూతుర్ని తాడేపల్లిగూడెంలో హార్మోనియాలు బాగుచేసే ఖాదర్‌కిచ్చి చేసింది. పెళ్ళాం వంట చేస్తూ కూనిరాగం తీస్తుంటే విన్నాడు ఖాదర్. అప్పుడే తెర మీది బొమ్మలకి మాటలొచ్చిన రోజులు. బొంబాయిలో అందమైన హీరోయిన్లకి హిందీలో నోరు తిరగడంలేదనీ, పాడి మాట్లాడే పిల్లల కోసం స్టూడియోల వాళ్ళు దీపం పెట్టి వెతుకుతున్నారనీ ఎవరో చెప్పారు. దుకాణానికి తాళం వేసి పెళ్ళాంతో సహా రైలెక్కాడు.

అక్కడ జహీరా మొదట గుంపులో నాట్యం చేసింది. తరవాత దాసీ అయింది, హీరో చెల్లెలయింది. ఒకరోజు హీరోయిన్ అలిగి వెళ్ళిపోతే ఆ చీరే ఈమెకి కట్టారు. అక్కణ్ణుంచి ఇక చూసుకోండి. చాలా బొమ్మల్లో క్షయతో పోయింది, కొన్నింట్లో నదిలో దూకింది. ఒక్కదాంట్లో మాత్రం లక్షణంగా పెళ్ళి చేసుకుని సుఖపడింది, అది ఆడలేదు.

మొగుడున్న హీరోయిన్ని జనం చూడరన్నాడు స్టూడియో సేఠ్. ఖాదర్ ఆలోచించాడు. మొగుడికి జీతం ఉండదు, సెక్రటరీకి ఉంటుంది. ఆ రోజు నుంచీ గడ్డం పెంచి, ఎర్రకుచ్చు టోపీ పెట్టి, నల్లకళ్ళద్దాలు తగిలించి, పదిమందిలో పెళ్ళానికి వంగి సలాము చేయడం మొదలుపెట్టాడు. తివాచీలు నేసేవాళ్ళ కూతురంటే రాణి వేషాలివ్వరని సేఠ్ మళ్ళీ అన్నాడు. ఖాదర్ నవాబుని పుట్టించాడు. మరి బేగం గారు బతికుంటే కూతుర్ని ఎలా నటించనిచ్చిందని అడగరూ? అందుకని టీ తాగుతూ, రెండు బిస్కెట్ల మధ్య, అత్తగారిని చంపేశాడు.

జహీరా అప్పుడు అయ్యో అంది. ఆ తరవాత పత్రికలవాళ్ళు అడిగినప్పుడల్లా పోయిన తల్లిని తలుచుకుని ఒక్క కన్నీటి చుక్క రాల్చడం నేర్చుకుంది. చుక్క బాగా పేరు తెచ్చింది. కాని ఏలూరికి పంపిన చీరలు, డబ్బు, మనిషి రానప్పుడు ఇవెందుకని తల్లి తిప్పి పంపేస్తుంటే మాత్రం ఆమె ఓర్చుకోలేకపోయేది. ప్రచారానికి పనికొస్తుందని మొగుణ్ణి ఊరించి ఈ ప్రయాణం పెట్టించింది గాని, ఆమె వచ్చింది అమ్మని వెంటబెట్టుకుని వెళ్ళడానికి. ఇంకెందుకూ కాదు.

స్టేషన్ నుంచి తారగారిని బంగళాలో దింపారు. తురక రాచబిడ్డకి తురకావిడే ఉపచారం చేయాలి గదా అని హనుమంతరావు గారికి తోచింది. అత్తరు అమ్ముకునే హబీబుని పిలిచి ఎవరినైనా చూడమన్నారు. ఊరిలో ఉర్దూ వచ్చినవాణ్ణి నేనేనని హబీబు చెప్పుకుంటాడు, కాదనడానికి ఎదటివాళ్ళకి ఉర్దూ రాదు, అందుకని దుబాసీ పనీ అతనికే అబ్బింది. అతను మగ్గం ఆగిపోయిన ఒక పేద ముసలమ్మని తెచ్చాడు. ఆమె జైనబ్. మహారాణీ గారి ఎదట నోరు విప్పకూడదనీ, వీపు చూపించకుండా వెనక్కి నడవాలనీ అధ్యక్షులవారు ఆమెకి స్వయంగా నడిచి చూపించి, కుర్చీ తగిలి పడబోయారు.

తలుపు తీసుకుని నీళ్ళబిందెతో లోపలికొచ్చిన మనిషిని చూసి జహీరా మంచం మీంచి దిగ్గున లేచింది. ఉన్ని ముడులు వేసి వేసి మొద్దుబారిన ఆ వేళ్ళు ఆమెకి తెలియకేం. కాళ్ళకి చుట్టుకోబోతే జైనబ్ బిందె అడ్డం పెట్టింది.

"స్నానానికి నీళ్ళు తెచ్చానండి, బేగం గారూ."

"అమ్మా, నేను."

"మీ అమ్మగారు పోయారటగా. జట్కావాడు మా గుమ్మం ముందు నుంచుని చెప్పాడండి. అన్నం తింటున్నదాన్ని చెయ్యి కడుక్కోకుండా అలాగే విన్నాను."

జహీరా ఏడ్చింది. ఈ ఏడుపుకి ముక్కు కూడా కారింది, బొమ్మల్లో ఎన్నడూ కారలేదు. మొగుడు చేసిన పని, సేఠ్ అన్న మాట, అన్నీ చెప్పింది. బొంబాయిలో మేడ ఉంది, రమ్మంది. జైనబ్ అంతా విని, కూతురి జుట్టులోంచి పూలు తీసి పక్కన పెట్టింది.

"నలుగురిలో చంపావే నన్ను. నలుగురిలోనే బతికించు. మా అమ్మ అని ఒక్కసారి చెప్పు, కట్టుబట్టలతో వచ్చేస్తాను."

ఈ మాట ఖాదర్‌కి చెబితే అతని పై ప్రాణాలు పైనే పోయాయి. కొత్త బొమ్మలో పట్టపురాణి వేషం, వచ్చే వారం సేఠ్ సంతకం. పెద్దక్క వేషాలే వస్తున్న ఈ వయసులో రాణి వేషం నవాబు పేరు చెప్పి సంపాదించాడు. "చాపలల్లే ఆవిడ కూతురివని తెలిస్తే వీధిలో పడతామే" అన్నాడు. తివాచీలండీ, చాపలు కాదు అంది జహీరా.

మర్నాడు పొద్దున్న సంఘంవారు ఆవిడ్ని కొల్లేరు చూపించడానికి తీసుకెళ్ళారు. రెండు పడవలు జతకట్టి, మీద పందిరి వేసి, మామిడాకులు కూడా కట్టారు. పెలికాన్ పక్షులు నీళ్ళలో తేలుతూ ఈ సంబరం కేసి చూసి, మూతి తిప్పుకుని అవతలికి పోయాయి. హనుమంతరావు గారు సరస్సు గొప్పతనం మీద ఉపన్యాసం ఇచ్చారు. హబీబు దాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. ఈ నీళ్ళు లోతుట, పడకండి అని అర్థం.

భోజనాల వేళ జైనబ్ గిన్నె మూత తీసింది. బిర్యానీ చేయమంటే బొమ్మిడాయిల పులుసు పెట్టింది. అధ్యక్షులవారికి ఒళ్ళు మండిపోయింది. తారగారికి తెలుగు రాదు గదా అన్న ధైర్యంతో, ఆవిడ ఎదటే, ఈ ముసల్దాని కూడు కుక్కలైనా ముడతాయా అని హబీబు మీద విరుచుకుపడ్డారు. అధ్యక్షులు తమ ఆరోగ్యం గురించి అడుగుతున్నారండీ అని హబీబు ఉర్దూలో విన్నవించాడు.

జహీరా చెయ్యి కడుక్కుని, మణికట్టు దాకా పులుసు కలుపుకుని తినడం మొదలుపెట్టింది. చేప తల జుర్రింది. రెండోసారి వడ్డించుకుంది. సంఘంవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. హనుమంతరావు గారు మాత్రం కాసేపు చూసి తల పంకించారు. రాచబిడ్డల తీరే వేరు, ఆ ముల్లు తీయడం చూడండి, వంశం తెలిసిపోవడం లేదూ అన్నారు. మిగతావాళ్ళకీ తెలిసిపోయింది.

సాయంత్రం ఆవిడ నటించిన బొమ్మకి టాకీ హాలు కిక్కిరిసింది. ఆడవాళ్ళు ఒక పక్కన పరదా వెనకాల, మగవాళ్ళు నేల మీదా బెంచీల మీదా. ఒకటే మెషీను కాబట్టి రీలు రీలుకీ ఆట ఆగేది. అలా ఆగినప్పుడు దీపాలు వెలిగించి, తారగారిని వేదిక మీద వెల్వెట్ కుర్చీలో కూచోబెట్టి సన్మానపత్రం చదివారు. పత్రంలో పోయిన బేగం గారి ఆత్మశాంతికి ఒక పేరా ఉంది. జైనబ్ కుర్చీ వెనకాల నుంచుని విసనకర్రతో విసురుతూ తన ఆత్మశాంతి తనే వింది.

జహీరా లేచింది. ఈ మాట నోరు దాటితే రాణి వేషం పోతుంది, మేడ పోతుంది, రేపు మళ్ళీ గుంపులో నాట్యం. పోనీ. అమ్మ చేతిలోంచి విసనకర్ర లాగేసి, ఆ చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చింది.

"ఏవండీ, అందరూ వినండి" అంది తెలుగులో. "నేను లక్నో పిల్లని కాదండీ. మాది తంగెళ్ళమూడి. నా పేరు జహీరా. ఈవిడ జైనబ్, నన్ను కన్నతల్లి. చచ్చిపోలేదండీ, నేనే చచ్చిపోయిందని చెప్పాను. ఆ నల్లకళ్ళద్దాలాయన సెక్రటరీ కాదు, మా ఆయన."

ఖాదర్ గోడకి చేరగిలబడ్డాడు. జైనబ్ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు బెంచీల్లోంచి ఎవడో చప్పట్లు కొట్టాడు. అంతే, కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. తెలుగండోయ్, అచ్చం మన గోదారి తెలుగు, ఒక్కరోజులో పట్టేశారు అని ఒకటే గోల. ముసలి పనిమనిషిని పట్టుకుని తల్లీ అన్నారు, మనసంటే అదీ అని పరదా వెనకాల ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. సెక్రటరీని మొగుడని చెప్పిన పరిహాసానికి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. హనుమంతరావు గారు వెక్కి వెక్కి ఏడ్చారు.

ఖాదర్‌కి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. రెండంగల్లో వేదికెక్కి, తమ మీద అభిమానంతో మేడం గారు రైల్లో నిద్రమాని ఈ తెలుగు ముక్కలు కంఠస్థం చేశారని ఉర్దూలో చెప్పాడు. రెండురోజుల మొత్తంలో హబీబు ఉన్నదున్నట్టు తర్జుమా చేసిన మాట ఇదొక్కటే.

నిజమండీ, ఒట్టండీ అని జహీరా మొత్తుకుంది. ఆమె కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆ నీళ్ళు చూసేసరికి జనానికి మరీ పూనకం వచ్చింది. మన ఊళ్ళలో నాటకాలాడేటప్పుడు పద్యం నచ్చితే ఏం చేస్తారో తెలుసుగా. చచ్చిన పాత్రనైనా లేపి మళ్ళీ పాడిస్తారు. నేల క్లాసు యావత్తూ లేచి నుంచుని వన్స్‌మోర్ అంది.

వన్స్‌మోర్, వన్స్‌మోర్. ఆమె తల అడ్డంగా తిప్పింది, వాళ్ళు వినలేదు. ఈసారైనా నమ్ముతారేమోనని మళ్ళీ చెప్పింది. ఏవండీ, అందరూ వినండి అంది. కాని అలవాటు పాడుగాను, కన్నతల్లి అన్నచోట గొంతు దానంతటదే సన్నగా వణికింది. చచ్చిపోలేదండీ అన్నచోట తల పక్కకి వాలింది. సరిగ్గా అక్కడే, పత్రికలవాళ్ళ ముందు రాలే చుక్క, ఎడమ కంటిలోంచి రాలింది. అది రాలడం జహీరాకీ తెలిసింది. పక్కనున్న జైనబ్ చెయ్యి మెల్లగా జారిపోయింది.

తరవాత మిగతా రీళ్ళు వేశారు. ఆఖరి దాంట్లో ఆవిడ క్షయతో పోయింది.

మర్నాడు స్టేషన్లో మళ్ళీ జనం. హనుమంతరావు గారు జైనబ్‌ని పక్కకి పిలిచి రెండు రూపాయలు చేతిలో పెట్టారు. "బెదరకుండా నుంచున్నావమ్మా. తల్లి వేషానికి అచ్చం సరిపోయావు" అని మెచ్చుకున్నారు. నిన్న కుక్కల మాట అన్నది ఆయనకి గుర్తులేదు. అవతల ఖాదర్ స్టేషన్ గుమస్తాచేత బొంబాయి పత్రికలకి తంతి రాయిస్తున్నాడు. పేదరాలిలో పోయిన తల్లిని చూసుకున్న తార అని.

సామాను అందించే వంకతో జైనబ్ రైలుపెట్టె దగ్గరికొచ్చింది. జహీరా కిటికీలోంచి ఆమె చెయ్యి దొరకబుచ్చుకుంది.

"చెప్పాను కదమ్మా. వస్తానన్నావుగా, ఎక్కు."

"చెప్పావమ్మా, కాదన్నానా. మొదటిసారి చెప్పినప్పుడు బయల్దేరదామనే అనుకున్నాను." జైనబ్ గొంతులో కోపం లేదు. "రెండోసారి చెప్పావు చూడూ, అప్పుడు నాకే అనుమానం వచ్చింది."

గార్డు పచ్చజెండా ఊపాడు. జైనబ్ కొంగు ముడి విప్పి ఒక రూపాయి తీసి, కూతురి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఇది నీ వాటా, తీసుకో. వేషం ఇద్దరం కట్టాం కదా."

రైలు కదిలింది. జనం జేజేలు కొట్టారు. ఇంకో రూపాయి కొంగున ముడేసుకుని, మహారాణీ గారి పెట్టెకి వీపు చూపించకుండా, జైనబ్ వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయింది.