పూడ్చని గుంతలు

ఎర్రిస్వామి గుంతలోకి లీక్స్ నారు దించి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకున్నాక, మడమతో మట్టి తొక్కాడు.

గుంతలు పూడ్చవద్దని తోట యజమాని గంగాధరప్ప పొద్దునే చెప్పాడు. కట్టెతో జానెడు లోతు పొడిచి, నారు దించి, చెంబుతో నీళ్లు మాత్రం పోయాలట. మట్టి తనంతట తానే జారి కాడను కప్పుతుందట. ఈ లీక్స్ ఉల్లి జాతే గానీ గడ్డ ఊరదు. బెంగళూరు హోటళ్లవాళ్లకు మట్టిలో తెల్లగా పెరిగే ఆ కాడే కావాలి.

జీవితమంతా ఉల్లినారు నాటి, మడమతో అదిమి బతికిన మనిషికి ఇది మింగుడుపడలేదు. నారు ఎండితే నేరం తన మీద వేసి పంపేయడానికే ఈ ఎత్తు అనుకున్నాడు. నడుము వంగి, ఎడమకంట పువ్వు వేసిన కూలీని గోరంట్ల చుట్టుపక్కల ఇంకెవరూ పిలవరు. ఈ తోట పోతే గంజి పోయినట్లే.

అనుమానం పెనుభూతం అంటారు. ఎర్రిస్వామి ఆ భూతాన్ని వెంటబెట్టుకునే పనికి వచ్చేవాడు. ఒకప్పుడు మొలకెత్తని వేరుశనగ విత్తనం కొని ఉన్న రెండెకరాలు పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి నలుగురూ తాగాక గానీ టీ కూడా తాగడు.

పక్క సాలులో సుంకమ్మ నాటుతోంది. గంగాధరప్పను బతిమాలి అతణ్ణి ఈ పనిలో పెట్టించింది ఆమే. పొద్దున తన కట్టె పిడికి చీరపేలిక చుట్టుకుంటూ, అతని కట్టెకూ చుడతానంది. అతను ఇవ్వలేదు. "తొక్కొద్దు అన్నా" అని మెల్లగా చెప్పింది. ఇదీ యజమానితో కలిసిందే అనుకున్నాడు.

టీ వేళకు తల తిప్పి చూస్తే, సుంకమ్మ అతని సాలులో కూర్చుని మట్టిలో వేళ్లు పెట్టి కెలుకుతోంది. గంగాధరప్ప గట్టు మీదికి రాగానే ఎర్రిస్వామి ఎదురుపోయాడు.

"అప్పా, సుంకమ్మ నా నారు పీకుతాండాది. నన్ను ఎళ్లగొట్టాలని."

గంగాధరప్ప ఆమె చేతులు చూశాడు. మణికట్టు దాకా బురద.

"ఏమ్మా, నిజమేనా?"

సుంకమ్మ ఎర్రిస్వామి మడమల వైపు చూసింది. ఒక్క మాట చెబితే చాలు, పోయేది అతని పనే.

"ఆయప్ప సాలులో చెయ్యి పెట్టినేది నిజమే," అంది.

ఇక పనికి రావద్దన్నాడు గంగాధరప్ప. ఆమె సద్దిగిన్నె తీసుకుని, కాలువలో చేతులు కడుక్కుని, రోడ్డుకేసి నడిచింది.

గెలిచానన్న తృప్తితో ఎర్రిస్వామి తన సాలు చూసుకోవడానికి పోయాడు. ఒక్క మొక్కా పోలేదు. తను తొక్కేసిన మట్టిని తోడి, నలిగిన ప్రతి కాడనూ నిలబెట్టి, సుంకమ్మ గుంతలను మళ్లీ గుండ్రంగా తెరిచి పెట్టింది. సాలు సగం దాకా అంతే. ఆపైన అతని మడమ అచ్చులు, మట్టిలో కూరుకుపోయిన ఆకుకొసలు.

"సుంకమ్మా" అని పిలిచాడు. రోడ్డు మీద ఆమె ఎక్కిన ఆటో అప్పటికే కదిలిపోయింది. లోకంలో తన పక్షాన ఉన్న ఒక్క మనిషిని తన నోటితోనే పంపేశాడు.

గుంతలు తెరవడం ఆపిన చోట ఆమె కట్టె నిలువుగా గుచ్చి ఉంది. పిడికి చుట్టిన చీరపేలిక ఇంకా చెమటతో తడిగానే ఉంది.