రెండు గంటల పది నిమిషాలు

పటాన్‌చెరులో ఆ పునరావాస ఆసుపత్రి రెండో అంతస్తులో ఒక తెల్లబోర్డు ఉంది. "రోగులెవరూ కింద పడని రోజులు: 99". రేపటికి వంద. కేక్ ఆర్డర్ ఇచ్చేశారు, దాని మీద నర్సులందరి పేర్లూ వేయిస్తారట. నిషిత తన పేరు స్పెల్లింగు ఒకటికి రెండుసార్లు చూసి మరీ పంపింది.

పొద్దున పదకొండుకు పెంటయ్యను మంచం మీంచి చక్రాల కుర్చీలోకి దించుతోంది. జేబులో ఫోన్ మోగింది. కుడివైపు బ్రేకు వేసింది, ఎడమవైపుది మరిచిపోయింది. కుర్చీ జారింది. పక్షవాతంతో ఒక చెయ్యీ కాలూ పడిపోయిన మనిషి, తల మంచం కోడుకు కొట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

గదిలో ఇంకెవరూ లేరు. ఎలాగో లేపి కూర్చోబెట్టింది.

"దెబ్బ తాకిందా కాకా?"

"ఏం గాలే బిడ్డా. జెర బుర్ర గీసుకుంది." తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎవ్వలకు చెప్పకు. రేపు మీకు కేక్ ఉంది గద."

"నీకెట్ల ఎరుక?"

"ఫ్లోరంత గదే ముచ్చటాయె. పాశమైలారంల మా కంపెనీ గేటు కాడ గూడ గిసొంటి బోర్డే ఉండె. మిషన్ల నా ఏలు నలిగితే, ఇంట్ల తలుపు సందుల పడ్డదని రాయించిండు సూపర్‌వైజర్. మల్ల వారం స్వీట్ డబ్బాలు పంచిండ్రు. నాకైతే రెండిచ్చిండ్రు!"

నవ్వాడు. మూతి ఒకవైపే నవ్వింది.

నిషిత ఆ సూపర్‌వైజర్‌ను మనసులో బాగానే తిట్టుకుంది. తర్వాత "సరే కాకా" అంది.

చార్టులో "కుర్చీలో కూర్చున్నారు, బాగున్నారు" అని రాసింది. రక్తం పల్చబడే మాత్రలు రోజూ అతనికి ఇచ్చేది తనే. అవి వాడేవాళ్లకు తలకు దెబ్బ తగిలితే ఎంత ప్రమాదమో పరీక్షలో రెండు పేజీలు రాసిన పిల్ల. మూడుసార్లు దొంగలా వచ్చి కళ్లలో టార్చి వేసి చూసింది.

"ఏంది బిడ్డా, నా కండ్లల్ల సినిమా ఆడుతుందా?"

ఒంటిగంటకు అన్నం తినిపిస్తుంటే భళ్లున వాంతి చేసుకున్నాడు. నిద్రొస్తుందన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

నిషిత ఇన్‌చార్జి దగ్గరికి పరిగెత్తింది. "సుమిత్రక్కా, పెంటయ్య కాక పడ్డడు. తలకు తాకింది. నేనే బ్రేకు ఎయ్యలే."

సుమిత్ర తిట్టలేదు. తిడితే బాగుండునని నిషితకు అనిపించింది. ఆమె అప్పటికే డాక్టరుకు ఫోన్ కలుపుతోంది. "స్కాన్‌కు తీస్కపోదాం. ఎప్పుడు పడ్డడు?"

గడియారంలో ఒంటిగంటా పది. ఇప్పుడే అంటే సుమిత్ర నమ్ముతుంది. డాక్టరూ నమ్ముతాడు. ఆ అబద్ధాన్ని పట్టుకునే వైద్యం చేస్తాడు.

"పదకొండుకు."

సుమిత్ర ఒక్క క్షణం ఆమెను చూసింది. "పదకొండుకంట సార్," అని ఫోన్లో చెప్పి, "నడువ్, స్ట్రెచర్ పట్టు," అంది.

లిఫ్టులో పెంటయ్య సగం కళ్లు తెరిచాడు. "చెప్పినవా?"

"చెప్పిన కాకా."

"అయ్యో. నా వల్ల నీకు మాటొచ్చె. మాఫ్ జెయ్ బిడ్డా."

ఆ మాట అనాల్సింది తను.