భూమవ్వ విన్న చప్పుడు

తడిగుడ్డలోంచి తునికాకు తీసి కత్తిరిస్తున్న భూమవ్వ పని ఆపి మళ్లీ లేచింది. గోడవార మంచంమీద జేరగిలబడి బీడీ కట్టలు కడుతున్న భర్త కాశీరాం ఎదమీద చెవి ఆనించింది. లోపల సన్నగా, ఎక్కడో తేనెటీగ చిక్కుకున్నట్టు, మోత.

"ఏందక్కా, గీ వయసుల మొగని గుండెమీద తల పెడ్తున్నవ్?" వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న పక్కింటి జమునాబాయి నవ్వింది.

"నాడి దొరకదాయె. ఏం జెయ్యాలె?"

రైసుమిల్లులో బస్తాలు మోసిన గుండె అది. అలసిపోయాక, హైదరాబాద్ దవాఖానలో ఎవరో ట్రస్టువాళ్ల సాయంతో దానికి పంపు అమర్చారు. పొట్ట పక్కనుంచి వైరు బయటికి వస్తుంది. నడుముకు పెట్టె, చంకల కింద రెండు బ్యాటరీలు. రక్తం ఆగకుండా పారుతుంది కనుక నాడి చేతికి అందదు. మోత వినిపిస్తే మిషన్ నడుస్తున్నట్టని నర్సు చెప్పింది. భూమవ్వ మాత్రం మనిషి ఉన్నట్టనుకుంది.

ఆమె తల్లి బీడీలు చుడుతూనే ఒరిగిపోయింది. అన్న భివండి మగ్గాల దగ్గర పోయాడు. పోతున్నామని ఎవరూ చెప్పలేదు. అందుకే కాశీరాంతో రోజూ అదే మాట.

"చెప్పకుంట పోతే ఊకోను."

"నాకేం ఎర్క? గా మిషన్నే అడుగు."

మధ్యాహ్నం చాయ్ సాసర్లో పోసి అతని పక్కన పెట్టింది. కళ్లు మూసుకుని ఉన్నాడు. వంగి విన్నది. మోత ఉంది. నిమ్మళంగా కూర్చుని ఆకు చుడుతూ, కార్ఖానవాళ్లు చిల్లుల ఆకు ఇస్తున్నారనీ, మనుమరాలు సహజ రేపొస్తుందనీ చెబుతూ పోయింది. అతను 'ఊ' కొట్టకపోవడం కొత్తేం కాదు.

చాయ్ మీద మీగడ ముడతపడింది. దానిమీది ఈగ లేచి అతని పెదవిమీద వాలింది. అతను కదలలేదు.

"జమునా, గిటు రా. సప్పుడైతే వస్తున్నది..."

జమునాబాయి అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. భూమవ్వ భుజం పట్టుకుంది.

కబురందుకుని వచ్చిన డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. హైదరాబాద్‌కు ఫోన్ చేసి, పెట్టెమీద చెయ్యి వేసి ఆగాడు.

"ఆపాలె అవ్వా."

"జర ఆగు సారూ."

ఆమె చివరిసారి చెవి ఆనించింది.

"నువ్వు చెప్పకపోతివి. నేనే చెప్తున్న. పోయిరా."

మోత ఆగింది.

బయట తీగమీద, పొద్దున ఉతికి ఆరేసిన కాశీరాం అంగీ. నడుము పక్కన వైరు పట్టేంత రంధ్రం, దాని చుట్టూ బీడీలు కట్టే దారంతో భూమవ్వ కుట్టిన కాజా.